కింద పడని వత్తు

మార్కాపురం. పలికితే నాలుగే అక్షరాలు. మా, ర్కా, పు, రం. పలకా బలపం చేతికిస్తే రెండో తరగతి పిల్ల కూడా ఠక్కున రాసేస్తుంది. అదే మాట కంప్యూటర్ కడుపులో ఎలా ఉంటుందో చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ ఉండేవి నాలుగు కాదు, పది! మ, దీర్ఘం, ర, పొల్లు, క, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. ఈ పదీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. వాటిలో క వత్తు అనేది ఎక్కడా లేదు.

మరి తెరమీద ర కిందికి ఆ వత్తు ఎలా వచ్చింది? క పక్కన ఉన్న దీర్ఘం దాన్ని వదిలేసి ర నెత్తికి ఎలా ఎక్కింది? ఎవరు ఎక్కించారు? ఈ ప్రశ్న వెంట వెళ్తే ఓ పెద్ద కథే బయటపడుతుంది. ప్రపంచంలో ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు జీతం లేకుండా, ఒకరి పనికి ఒకరు పని సర్దుకుంటూ సాఫ్ట్‌వేర్‌ను ఎలా నడుపుతున్నారన్నదే ఆ కథ. మన తెలుగు అందులో ఒక పాత్ర.

నలుగురి చేతి పని

తెలుగు అక్షరం తెరమీదికి రావాలంటే కనీసం నలుగురి చేయి పడాలి. మొదటిది యూనికోడ్. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది అది నిర్ణయిస్తుంది. తెలుగుకు అందులో 128 గదులు కేటాయించారు. రెండోది ఫాంట్. అక్షరాల రూపాలన్నీ అందులో ఉంటాయి. మూడోది, వరసలో వచ్చినవాటిని చూసి ‘ఇక్కడ వత్తు పడాలి, ఈ దీర్ఘం ఆ అక్షరానికి తగలాలి’ అని లెక్కకట్టి, ఫాంట్‌లోంచి తగిన రూపాన్ని ఏరి తెచ్చేది. దీన్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళు షేపింగ్ ఇంజిన్ అంటారు. వెనకటి ప్రెస్సుల్లో సీసం అక్షరాలు ఏరి పేర్చిన కంపోజిటర్ పని కూడా సరిగ్గా ఇదే. కాబట్టి మనం దాన్ని కంపోజిటర్ అనే పిలుచుకుందాం. ఇక నాలుగోది మీరు టైపు చేస్తున్న ప్రోగ్రాం. అది బ్రౌజర్ కావచ్చు, ఉత్తరం రాసుకునే ఆఫీసు ప్రోగ్రాం కావచ్చు.

విండోస్‌లో ఈ పనులు చాలావరకు ఒకే కంపెనీ గోడల లోపల జరిగిపోతాయి. తేడా వస్తే పక్క గదిలోకి వెళ్ళి అడగొచ్చు. లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థలో అలా కుదరదు. ఫాంట్ చేసినవారు ఒక దేశంలో, కంపోజిటర్‌ను రాసినవారు ఇంకో దేశంలో, ఆఫీసు ప్రోగ్రాం చూసేవారు మరో దేశంలో ఉంటారు. వాళ్ళలో ఎవరూ ఎవరికీ యజమాని కారు. ‘రేపటికల్లా మార్చు’ అని ఆజ్ఞాపించే హక్కు ఎవరికీ లేదు. అయినా ఒకరి పని ఇంకొకరి పనిమీద నిలబడి ఉంటుంది.

మార్కాపురం పలకనే తీసుకోండి. రాయి ఒకచోట కోసి, చెక్క చట్రం మరోచోట చేస్తున్నారనుకుందాం. రాయి మందం ఒక్క నూలు పెంచితే బాగుంటుందని రాయి కోసేవారికి అనిపించింది. మంచి ఆలోచనే. పలక గట్టిగా ఉంటుంది. కానీ చట్రంలో గాడి పాత కొలతతోనే ఉంది. ఇప్పుడు కొత్త రాయి పాత చట్రంలో దూరదు. ఇందులో రాయి తప్పు లేదు, చట్రం తప్పూ లేదు. రెండూ ఒకేసారి మారకపోవడమే తప్పు. సాఫ్ట్‌వేర్‌లో సగం తలనొప్పులు ఇలాంటివే.

ఒక మాట, ముగ్గురు కంపోజిటర్లు

2001లో విండోస్ ఎక్స్‌పీ తనతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్‌ను తెచ్చింది. కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2004లో రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ పేరుతో భారతీయ భాషల ఫాంట్లను విడుదల చేసింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి నడుం కట్టింది. అంటే అక్షరాలు వచ్చాయి, ఉత్సాహమూ వచ్చింది.

కానీ ఆ రోజుల్లో లినక్స్ లోపల కంపోజిటర్లు ఒకరు కాదు, ముగ్గురు. గ్నోమ్ డెస్క్‌టాప్‌కు పాంగో, కేడీఈకి క్యూటీ, ఓపెన్ ఆఫీస్‌కు ఐసీయూ. తెలుగు వత్తుల లెక్క ఎవరికి వారే రాసుకున్నారు. కాబట్టి ఒకే ఫాంట్‌తో ఒకే మాట టైపు చేసినా, ఒక ప్రోగ్రాంలో వత్తు కింద కుదురుగా కూర్చునేది. మరోదాంట్లో పక్కకు జరిగేది. ఇంకోదాంట్లో అసలు కిందికే దిగకుండా పొల్లుతో విడిగా నిలబడేది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఫాంట్ చేసే మనిషి ఒక కంపోజిటర్‌లో తప్పు కనిపెట్టాడనుకోండి. అవతలివారు ఎప్పుడు సరిచేస్తారో తెలియదు. తన ఫాంటేమో అందంగా కనిపించాలి. ఏం చేస్తాడు? ఆ తప్పుకు సరిపడేలా తన ఫాంట్‌లోనే ఓ చిన్న సర్దుబాటు చేస్తాడు. కొన్నాళ్ళు అంతా సవ్యంగా ఉంటుంది. ఆ తర్వాత అవతలివాడు నిజంగానే తన తప్పు దిద్దుకుంటాడు. అంతే! అప్పటిదాకా బాగున్న ఫాంట్ ఆ రోజు నుంచి విరుగుతుంది. తప్పు దిద్దుకున్నందుకు తిట్లు పడేది మాత్రం కంపోజిటర్‌కు.

మన వత్తు విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఓపెన్‌టైప్ ఫాంట్ల పాత పద్ధతిలో ‘క, ఆ తర్వాత పొల్లు’ కనిపిస్తే క వత్తు రూపం వేయాలని ఫాంట్‌లో రాసుకునేవారు. కొత్త పద్ధతిలో అది తిరగబడింది. ‘పొల్లు, ఆ తర్వాత క’ అయింది. మనం టైపు చేసే వరస కూడా ఇదే కనుక ఇదే సహజం. కానీ అప్పటికే బయట ఉన్న పాత ఫాంట్ల మాటేమిటి? ఉన్నపళంగా పద్ధతి మార్చేస్తే అవన్నీ పాడవుతాయి.

దీనికి దొరికిన ఉపాయం తెలివైనది. పాత ఫాంట్లు తమమీద ‘తెలు’ అనే అర్థం వచ్చే చీటీ తగిలించుకుని ఉండేవి. కొత్త పద్ధతి ఫాంట్లకు ‘తెల్ 2’ అనే వేరే చీటీ పెట్టారు. కంపోజిటర్ ముందు చీటీ చూస్తాడు. పాతదైతే పాత లెక్క, కొత్తదైతే కొత్త లెక్క. పాత మాటకు గుట్టుచప్పుడు కాకుండా కొత్త అర్థం ఇవ్వకూడదు, కొత్త అర్థానికి కొత్త పేరే పెట్టాలి. ఒకదానిమీద ఒకటి ఆధారపడే సాఫ్ట్‌వేర్లను కలిపి నడిపేవారికి ఇది మొదటి పాఠం.

తొమ్మిది లక్షల మాటల పరీక్ష

ముగ్గురు కంపోజిటర్ల గోలకు ముగింపు పలికింది హార్ఫ్‌బజ్ అనే ప్రాజెక్టు. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఎస్ఫహబోద్ దీన్ని ముందుండి నడిపారు. ముగ్గురూ తలా ఒక లెక్క రాసుకునే బదులు, అందరికీ ఒక్కటే మంచి కంపోజిటర్ ఉంటే చాలదా అన్నది ఆలోచన.

సరే, కొత్త కంపోజిటర్ తెలుగును సరిగ్గా పేరుస్తున్నాడని ఎలా నమ్మడం? రాసినవారికి తెలుగు రాదు కదా! అందుకు వికీపీడియాలోని మాటలను గుట్టలుగా పోగుచేసి, విండోస్ కంపోజిటర్ ఏం పేర్చిందో హార్ఫ్‌బజ్ కూడా అదే పేరుస్తోందా అని ఒక్కో మాటనూ పోల్చి చూశారు. ఆ పని నమోదుల్లో ఒకచోట తెలుగు లెక్క ఇలా కనిపిస్తుంది. మొత్తం మాటలు 9,70,573. తేడా వచ్చినవి 18.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఆ తర్వాత ఎంతోమంది తీరిక వేళల్లో కూర్చుని తమ ఊరి గురించో, తమ మండలం గురించో అందులో రాశారు. చదివేవారుంటారా అని అనుకుని ఉంటారు. ఆ మాటలే ఓ కంపోజిటర్‌కు పరీక్షపత్రం అవుతాయని వాళ్ళెవరూ ఊహించి ఉండరు.

2012లో పాంగో తన సొంత లెక్క పక్కనపెట్టి హార్ఫ్‌బజ్‌కు మారింది. 2013లో వచ్చిన లిబ్రె ఆఫీస్ 4.1 లినక్స్‌లో అదే దారి పట్టింది. 2017లో వచ్చిన 5.3తో విండోస్, మ్యాక్‌ల మీద కూడా లిబ్రె ఆఫీస్‌కు అదే కంపోజిటర్ అయింది. లోహిత్ ఫాంట్లను కూడా కొత్త చీటీ పద్ధతికి తగ్గట్టు తిరగరాశారు. రామభద్ర, మండలి, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు సిలికానాంధ్ర చొరవతో ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఇన్ని చేతులు కలిస్తేగానీ ‘మార్కాపురం’ అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒక్కలా కనిపించలేదు.

గేజ్ మార్చినట్టు

ఇదంతా ఒక్క అక్షరం కథ. మరి వేల ప్యాకేజీలను ఒకేసారి మార్చాల్సి వస్తే?

గుంటూరు నుంచి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల, గుంతకల్లు వెళ్ళే రైలు మార్గం తెలిసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు అది మీటర్ గేజ్. 1990ల్లో బ్రాడ్‌గేజ్ చేశారు. పట్టాల మధ్య దూరం మీటరు నుంచి 1.676 మీటర్లకు పెరిగింది. కాగితం మీద అది ఒక్క అంకె మార్పు. నేలమీద మాత్రం స్లీపర్లు మారాలి, వంతెనలు బరువు మోయాలి, ఇంజిన్లు, పెట్టెలు మారాలి. నల్లమలలో ఎత్తయిన పాత దొరబావి వంతెనను వదిలేసి దారే వేరుగా వేయాల్సి వచ్చింది. గిద్దలూరు దాకా మార్చి, అవతల మార్చకుండా వదిలేస్తే ఏమవుతుంది? ప్రయాణికులు అక్కడ దిగి రైలు మారాల్సిందే. కాబట్టి మార్పు అనేది ఒక స్టేషన్ వ్యవహారం కాదు, మొత్తం లైను వ్యవహారం.

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఇలాంటి పనికి ‘ట్రాన్సిషన్’ అని పేరు. ఒక మూల ప్యాకేజీ కొలతలు మారుతున్నాయంటే దాని కొత్త రూపాన్ని ముందు ప్రయోగాల వాకిట్లో పెడతారు. దానిమీద ఆధారపడ్డవన్నీ జాబితా రాస్తారు. ఒక్కోదాన్నీ కొత్తదానితో కట్టి చూస్తారు. విరిగినవాటి బాధ్యులకు కబురు పంపుతారు. విడుదల బృందం ‘ఇక కానివ్వండి’ అన్నాక అన్నిటినీ వరసగా తిరిగి కడతారు. అన్నీ సిద్ధమయ్యాకే మూకుమ్మడిగా ముందుకు కదులుతాయి. ఎంతకీ సిద్ధం కానిది, మిగతావాటికి అడ్డు కాకుండా ప్రస్తుతానికి పక్కకు తప్పుకోవాలి.

ప్రతి ప్యాకేజీకీ ఓ చీటీ ఉంటుంది. అందులో ‘నాకు ఫలానాది కావాలి’ అని ఒక గడి. ‘నేను వస్తే ఫలానాదాని పాత రూపం విరుగుతుంది’ అని ఇంకో గడి. ఈ రెండో గడి చూడ్డానికి చిన్నదే. కానీ మీ కంప్యూటర్ దాన్ని చదివి, ఆ పాతదాన్ని కూడా కొత్తది చేశాకే ముందుకు కదులుతుంది. పెళ్ళికి పిలిచేముందు ‘ఫలానావాళ్ళు వస్తున్నారు, మీకు ఇబ్బంది లేదు కదా’ అని అడిగే పెద్దమనిషి తరహా అన్నమాట.

ఈమధ్య జరిగిన పెద్ద ఉదాహరణ గడియారానిది. పాత 32 బిట్ల లెక్కలో కంప్యూటర్లు 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. 2038 జనవరి 19, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గది నిండిపోతుంది. మరుసటి సెకను అవి ఒక్కసారిగా 1901కి జారుకుంటాయి. గదిని పెద్దది చేయడమే విరుగుడు. కానీ కాలం లెక్క తెలియని ప్యాకేజీ ఏముంటుంది? డెబియన్ 2024లో వందలాది లైబ్రరీల పేర్లు మార్చి, వేలాది ప్యాకేజీలను తిరిగి కట్టింది. ఆ పనికి భుజం పట్టినవారిలో ముఖ్యుడు స్టీవ్ లాంగాసెక్. 2025 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఆయన సర్దిన గడియారంతో డెబియన్ 13 అదే ఏడాది ఆగస్టు 9న విడుదలైంది.

అందులోనూ ఒక మినహాయింపు ఉంది. పాత ఇంటెల్ 32 బిట్ల రకాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటే ఇవాళ దాన్ని ఉంచుకున్నదే ఏనాటివో పాత ప్రోగ్రాములు నడపడానికి. దాన్నీ మారిస్తే ఆ పాతవి నడవవు. ఎక్కడ మార్చాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ చేయి పెట్టకూడదో తెలియడమూ అంతే ముఖ్యం.

ఒక్కరు తప్పుకుంటే…

ఈ కలుపుగోలుతనం తప్పితే ఏమవుతుందో చూశాం కూడా. 2016 మార్చి 22న ఒక ప్రోగ్రామరు తగవు పడి తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం భాండాగారం నుంచి తీసేసుకున్నాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అనేది ఒకటి. ఉన్నది 11 వరసలు. మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చడం దాని పని. దానిమీద తెలిసో తెలియకో ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతటా టపటపా ఆగిపోయాయి. దాన్ని తిరిగి పెట్టేదాకా ఎవరికీ ఊపిరి ఆడలేదు.

2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా భయంకరం. ఫైళ్ళను కుదించే ఆ చిన్న సాధనాన్ని ఏళ్ళ తరబడి ఒకే ఒక్క మనిషి చూసుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు. సాయం చేస్తానంటూ చేరిన ఓ అజ్ఞాత వ్యక్తి రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన కంప్యూటర్లో లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి తీగ లాగితే డొంకంతా కదిలింది. నలుగురూ పంచుకోవాల్సిన బరువు ఒక్కడి నెత్తిన వదిలేస్తే వచ్చే ప్రమాదం అది.

అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటే ఈ బాధ ఉండదా? ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరమే యాపిల్ ఫోన్లను కూలదోసింది. జ, పొల్లు, ఞ, దీర్ఘం మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి చేరితే చాలు, ఆ సందేశం తెరిచిన ప్రోగ్రాం కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా ఆపేది కూడా ఆ విడదీత గుర్తే. రోజూ వాడేదే! అయినా ఆ కలయికను విడుదలకు ముందు పరీక్షించి చూసినవారు లేరు.

పరీక్షపత్రం మన దగ్గరే ఉంది

ఇందులో మనం చేయగలిగింది ఏముంది అంటారా? చాలా ఉంది. మార్కాపురం నుంచి, గిద్దలూరు నుంచి ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు బాట పట్టిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఎందరో. అంత దూరం పోనక్కర్లేదు, కోడు రాయడం కూడా రానక్కర్లేదు. మన మండలాల పేర్లు చూడండి. త్రిపురాంతకంలో త కింద ర వత్తు, ఆ పైన గుడి. యర్రగొండపాలెంలో ర కింద ర. రాచర్ల, తర్లుపాడుల్లో ల వత్తు, రెండోదానికి తోడు కొమ్ము. అర్ధవీడులో ధ వత్తు. బేస్తవారిపేటలో త వత్తు. పెద్ద దోర్నాలలో రెండు రకాలు. ఏ ఫాంటుకైనా, ఏ ప్రోగ్రాముకైనా ఇంతకంటే మంచి పరీక్షపత్రం ఏముంటుంది?

ఈ పేర్లన్నీ టైపు చేయండి. ఎక్కడైనా వత్తు జారితే కంగారు పడొద్దు. ముందు ఫాంట్ మార్చి చూడండి. కొత్త ఫాంట్‌లో బాగుంటే తప్పు పాత ఫాంట్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఫాంట్లన్నిటిలోనూ తప్పే వస్తే, అదే మాటను వేరే ప్రోగ్రాంలో చూడండి. అక్కడ బాగుంటే మొదటి ప్రోగ్రామునే అనుమానించాలి. అన్నిచోట్లా తప్పుగానే ఉంటే కంపోజిటర్ సంగతి చూడాలి. టైపు చేసిన వరసలో కనిపించని గుర్తు ఏదైనా చేరిందేమో కూడా గమనించండి.

ఆ తర్వాత ఆ ప్రాజెక్టువారికి రాయండి. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ మాట, ఏ ఫాంట్, ఏ వెర్షన్, ఎలా కనిపిస్తోంది, ఎలా కనిపించాలి అన్న ఐదూ రాసి, తెర బొమ్మ జతచేస్తే చాలు. చూసే మనిషికి తెలుగు రాదని గుర్తుంచుకోండి. ఏది సరైన రూపమో చెప్పగలిగింది మనమే. ‘మీరు ఇది మారిస్తే ఫలానా ఫాంట్ విరుగుతుందేమో, వారికీ ఒక మాట చెప్పండి’ అని ఇంకో వాక్యం రాయగలిగితే మీరు అసలైన పని చేసినట్టే. రాయికి, చట్రానికి మధ్య కొలత మాట్లాడేది ఆ వాక్యమే.

ఇవాళ సర్టిఫికెట్లు, భూమి కాగితాలు, ఆస్పత్రి చీటీలు అన్నీ తెరమీదినుంచే అచ్చవుతున్నాయి. పలకమీద వత్తు తప్పితే చెరిపి రాసుకోవచ్చు. కాగితంలో ఊరి పేరో, ఇంటి పేరో తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి ఓ మనిషి కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలియనిది కాదు. ఎక్కడో ఉన్న నలుగురు అపరిచితులు ఒకరి మాట ఒకరు వింటేనే ఆ వత్తు దాని చోట అది కూర్చుంటుంది. ఆ నలుగురికీ మన ఊరి పేరు ఎలా రాయాలో చెప్పే ఐదో మనిషి కావాలి. ఆ చోటు ప్రస్తుతానికి ఖాళీగానే ఉంది.